చీకటి నిమిషంలో చెరిగిన పేరు

ఒడెస్సా టార్ప్లీ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి కొరీన్ టీ జాడీలో నిమ్మ చెక్కలు వేస్తూ కూనిరాగం తీస్తోంది. ఆమెకు పెళ్ళయి నెల తిరగలేదు. కాలేజీలో చరిత్ర చదివి పతకం తెచ్చుకున్న పిల్లే అయినా, ఈ మధ్య చల్లటి గాజు జాడీకి చెమట పట్టడం కూడా ఆమెకు చూడముచ్చటగా ఉంటోంది. వచ్చినావిడ మొహం చూడగానే ఆ రాగం గొంతులోనే ఆగిపోయింది.

వచ్చినావిడకు నలభై దాటి ఉంటాయి. గైడు యూనిఫాం వేసుకుంది. చొక్కా జేబు మీద వేటకుక్క బొమ్మ కుట్టి ఉంది. చాటనూగా ఊళ్ళో ఆ కుక్కను ఎరగనివాళ్ళు లేరు. చుట్టుపక్కల పల్లెల్లో పశువుల కొట్టాల కప్పుల మీద కూడా ‘డనవే గుహ చూడండి’ అన్న పెద్ద అక్షరాల పక్కన ఆ కుక్కే నాలుక చాపుకుని కూర్చుంటుంది.

"మేబ్రీ గారున్నారా అమ్మా?" అంది ఆమె, తలుపు వైపు ఒకసారి తిరిగి చూసుకుని.

థాడియస్ మేబ్రీ కిటికీ దగ్గర నిలబడి ఎదుటి వీధిలోని పాత రైల్వేస్టేషన్‌ను చూస్తున్నాడు. స్టేషన్ ఇప్పుడు హోటలయింది, పాత రైలుపెట్టెలే దాని గదులు. ఒకప్పుడు నౌకరుగా తాను పక్కలు వేసిన రైలుపెట్టెల్లోనే జనం ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళకుండా పడుకోవడానికి డబ్బు కట్టడం తలుచుకుంటే అతనికి ఏ రోజుకా రోజు నవ్వొస్తుంది. రైళ్ళు పోయాక ప్రైవేట్ డిటెక్టివ్ బోర్డు పెట్టి, కొరీన్‌ను సాయానికి పెట్టుకున్నాడు. పక్కలు వేస్తూ మనుషుల్ని చదవడం నేర్చుకున్నాననీ, అంతకుమించిన చదువు తనకు లేదనీ అంటుంటాడు.

"కూర్చో అమ్మా. ముందు టీ తాగు. భయం ఎక్కడికీ పోదు, తాగేదాకా ఆగుతుంది."

ఒడెస్సా గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

"మా తాత తాతగారి పేరు ఈఫ్రయిమ్ అండీ. డనవే వాళ్ళ దగ్గర బానిస. గుహలో గోడమీద కొవ్వొత్తి పొగతో పేరు రాసుకున్నాడు. ‘ఈఫ్రయిమ్, 1858’ అని. మా తాత, మా నాన్న, ఇప్పుడు నేను, అందరం అక్కడ గైడ్లమే. యాత్రికులకు మాత్రం ఆ పేరు చూపించకూడదని యజమానుల ఉత్తర్వు."

"అదేం?" అంది కొరీన్.

"1866లో కర్నల్ డనవే గారి వేటకుక్క బొరియలో పడితే ఆయన దిగి గుహ కనిపెట్టాడని కదమ్మా కథ! మనకు బళ్ళో అదేగా నేర్పింది. మా ఈఫ్రయిమ్ అంతకు ఎనిమిదేళ్ళ ముందే లోపలున్నాడంటే మరి కుక్క ఎందుకు?"

మేబ్రీ పెదవుల చివర నవ్వు కదిలింది. ఒడెస్సా నవ్వలేదు.

"దేశానికి రెండొందల ఏళ్ళు నిండాయని ఈ ఏడు ఊరూరా ఫలకాలు పెడుతున్నారు కదండీ. నేను ధైర్యం చేసి రాష్ట్ర చరిత్ర సంఘానికి రాశాను. శనివారం ప్రొఫెసర్ వాస్ అని ఒకాయన చూడ్డానికి వస్తున్నాడు. ఆయన నిజమేనంటే మా ఈఫ్రయిమ్ పేరు ఫలకం మీదికి ఎక్కుతుంది. లేదంటే నేను అబద్ధాలకోరునని ఉద్యోగం తీసేస్తారు. అంతా దీని మీదే ఉందండీ." ఆమె గొంతు తగ్గించింది. "నిన్న ఫోనొచ్చింది. గుసగుసగా మాట్లాడారు, ఆడో మగో తెలీలేదు. ‘శనివారం చీకటి పడేసరికి ఆ పేరు ఎవరికీ కనపడదు’ అన్నారు. పైగా, ‘దేవుడు నిన్ను చల్లగా చూడాలి’ అని పెట్టేశారు."

"బెదిరించి దీవించారన్నమాట. మన ఊరివాళ్ళే, అనుమానం లేదు," అన్నాడు మేబ్రీ. "ఆ పేరును ఎవరైనా ముట్టుకున్నారా ఎప్పుడైనా?"

"ప్రాణం పోయినా ముట్టుకోం. చేతి జిడ్డు తగిలితే పోతుందని మా తాత ఒట్టు వేయించుకున్నాడు. నేను కూడా ఇంతవరకూ వేలు పెట్టలేదు."

"శనివారం మేమిద్దరం టిక్కెట్టు కొనుక్కుని వస్తాం," అన్నాడు మేబ్రీ.

శనివారం మధ్యాహ్నం గుహ ముఖద్వారం దగ్గర గాలి కదలడం లేదు. నది మీద మబ్బులు నల్లగా కమ్ముకొస్తున్నాయి. కొరీన్‌ను ఆమె భర్త వెండెల్ కారులో దింపి, ఆమె సంచిలో చాక్లెట్ పూసిన మూన్ పై బిస్కెట్లు రెండు కుక్కి, "లోపల ఆకలేస్తే!" అన్నాడు. గంటలో వచ్చేదానికి ఆకలేమిటని కొరీన్ అందిగాని, ఆ బిస్కెట్ల బరువు భుజానికి తెలుస్తున్నంతసేపూ నవ్వుకుంటూనే ఉంది.

కంచు కుక్క విగ్రహం చుట్టూ జట్టు పోగయింది. గుహ యజమాని హేల్ డనవే, కర్నల్‌కి మునిమనవడు, మెడలో చెమట తుడుచుకుంటూ అందరి కంటే ముందు నిలబడ్డాడు. ప్రొఫెసర్ వాస్ పలచటి మనిషి, కళ్ళజోడు మాటిమాటికీ జారుతుంది. ఒహాయో నుంచి వచ్చిన షూమేకర్ దంపతులు ఏమీ తెలియకుండా ఈ జట్టులో పడ్డారు. అందరికీ మధ్యలో లవీనియా పెట్టస్, ఊరి చరిత్ర సంఘానికి అధ్యక్షురాలు, కర్నల్ కథను పుస్తకంగా రాసినాయన కూతురు. ఆ ఎండలో కూడా తెల్ల చేతితొడుగులు వేసుకుంది. చంకలో రేకు డబ్బా ఉంది.

"పొద్దున్నే లేచి కరకరలాడే చీజ్ పుల్లలు చేశాను ప్రొఫెసర్ గారూ. మా అమ్మ చేసే పద్ధతి. పని కాగానే మీరు రుచి చూడాల్సిందే, వద్దంటే ఊరుకోను," అంది డబ్బా తట్టి. తర్వాత ఒడెస్సా వైపు తిరిగి బుగ్గ మీద చెయ్యివేసింది. "బెంగపడకు పిల్లా! నిజం నిలకడ మీద తెలుస్తుంది."

"అలాగే అమ్మగారూ," అంది ఒడెస్సా.

లిఫ్టు కొండ కడుపులోకి దిగింది. గుహకు మెట్లదారి లేదు, పాత బొరియ ఎప్పుడో పూడ్చేశారు. దిగడానికైనా ఎక్కడానికైనా ఆ ఇనుప పంజరమొక్కటే. కింద చలి ఒక్కసారిగా మోచేతులు పట్టుకుంది. కొరీన్‌కు మాత్రం ఆ తడి గోడలు, తలమీద వేలాడే రాతి జడలు, ఎక్కడో టప్‌మని రాలే చుక్క, అన్నీ కొత్త గౌను మడతల్లా ముద్దొచ్చాయి. ఒక గూట్లో పాత సీసా ఒకటి తెల్లగా మెరుస్తోంది.

"ఇది మా తాత రోజుల్లో పనివాళ్ళు మరిచిపోయిన సీసా," అని ఒడెస్సా కంఠస్థమైన మాటలు చెప్పింది. "పైనుంచి జారే నీళ్ళలో సున్నం ఉంటుంది. సీసాకి రాతి చర్మం వచ్చేసింది చూడండి. ఇంకో వందేళ్ళకు ఇది సీసా అని ఎవరూ అనుకోరు."

"మా ఆవిడ మేకప్ కూడా అంతేనండీ," అన్నాడు షూమేకర్. భార్య అతని చెయ్యి గిల్లింది.

పెద్ద గది చివర, తడితో నిగనిగలాడే వాలుగోడ మీద ఆ పేరు ఉంది. అక్షరాలు వంకరగా, నల్లగా ఉన్నాయి. ఒడెస్సా దీపం ఎత్తితే అందరూ చూశారు. ప్రొఫెసర్ నిట్టూర్చాడు. గోడకు అడుగున, నడుమెత్తున ఒక రాతి అరుగు, దానినిండా తడి ఎర్రమట్టి.

"దగ్గరగా చూసే ముందు దీపాలార్పే పద్ధతి ఒకటుంది. ఈ కొండల్లో ఏ గుహకు వెళ్ళినా అది లేకుండా పంపరు," అంది ఒడెస్సా. "అందరూ రెండు చేతులతో ముందున్న ఇనుప కమ్మీ గట్టిగా పట్టుకోండి. నేనెక్కడున్నానో తెలియడానికి పాడుతూ ఉంటాను. మా తాత నేర్పిన పద్ధతి."

ఆ కమ్మీ గోడ దాకా సాగింది. గోడ కొసన పెట్టస్ నిలబడింది. పెద్దావిడకు బాగా కనపడాలని ప్రొఫెసర్ తనే ఆ చోటు వదిలాడు. ఆమె పక్కన ప్రొఫెసర్, తర్వాత డనవే, షూమేకర్లు, కొరీన్, మేబ్రీ. స్విచ్చి గదికి ఈ చివర, ఒడెస్సా చేతి దగ్గర ఉంది.

దీపాలు ఆరాయి.

అది మామూలు చీకటి కాదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. కొరీన్ తన చెయ్యి మొహం ముందు ఊపుకుందామనుకుని, కమ్మీ వదలడానికి భయపడి ఆగిపోయింది. ఒడెస్సా గొంతు నెమ్మదిగా లేచింది. పాత చర్చి పాట అది, నది దాటే పాట. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకున్నచోట కొరీన్‌కు టక్‌మని చిన్న చప్పుడు వినపడింది. నీటిచుక్క అనుకుంది.

దీపాలు వెలిగాయి. షూమేకర్లు అలవాటు ప్రకారం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మధ్యలోనే ఆగాయి.

గోడ మీద పేరు లేదు. ఎర్రమట్టి అడ్డదిడ్డంగా పులిమి, రుద్ది ఉంది.

మొదట కదిలింది డనవే. ఒక్క అంగలో వెళ్ళి ఆ మట్టిమీద అరచెయ్యి పెట్టాడు. ఎర్రగా తేలిన ఆ చేతినే ఒడెస్సా మీదికి చాపాడు. "చూశారా ప్రొఫెసర్ గారూ! దీపాలార్పింది ఎవరు? ఈమే! ఎవడో మొన్న రాసిన పొగ, పరీక్ష చేస్తే బయటపడుతుందని తనే తుడిపించింది!"

"మా ఈఫ్రయిమ్ పేరు నేను తుడుచుకుంటానా బాబూ?" అంది ఒడెస్సా.

"మీరెవరూ దాన్ని తాకకండి," అన్నాడు ప్రొఫెసర్ గోడకు అడ్డంగా నిలబడి. "కాని టార్ప్లీ, నా పరిస్థితి చూడు. నూరేళ్ళ నాటి అక్షరం చేత్తో రుద్దితే పోయిందంటే... నేను ఏమని రాయను?"

సరిగ్గా అప్పుడే దీపాలు మళ్ళీ ఆరిపోయాయి. ఈసారి స్విచ్చి ఎవరూ ముట్టుకోలేదు. లోలోపలికి ఉరుము వచ్చింది, రాయి గుండా. ఒడెస్సా బ్యాటరీ లాంతరు వెలిగించి, గోడనున్న టెలిఫోను ఎత్తి పైవాళ్ళతో మాట్లాడి పెట్టేసింది.

"చెట్టు కూలి తీగలు తెగాయట. లిఫ్టు కదలదు. ఎంతసేపో వాళ్ళకీ తెలీదు."

మిసెస్ షూమేకర్ ఏడవబోయి మానేసింది. కొరీన్ పైకి చూసింది. పైన అంతా రాయే. ఆ రాయి మీద మట్టి, మట్టి మీద వాన, వానలో ఎక్కడో వెండెల్ కారులో కూర్చుని ఉంటాడు. తాను ఇక్కడ ఉన్నట్టు అతనికి తెలుసు గాని రాలేడు. గోడలు ఒక్క అడుగు దగ్గరికి జరిగినట్టనిపించింది. ఇందాక ముద్దొచ్చిన రాతి జడలు ఇప్పుడు పళ్ళలా ఉన్నాయి.

మేబ్రీ మాత్రం గోడవారనున్న ఒక చెక్కపెట్టె మీద కూర్చుని టోపీ మోకాలికి తగిలించుకున్నాడు. కొరీన్ వంగి చెవిలో అంది: "పైకెళ్ళగానే పోలీసుల్ని పిలుద్దామా?"

"గోడకు మట్టి పూశారంటే ఏ పోలీసు వస్తాడమ్మా? పైకెళ్ళాక ఎవరి చేతులు వాళ్ళు కడుక్కుంటారు, అంతే. ఇక్కడున్నంతసేపే మనకు అవకాశం. మనతో పాటు చేసినవాళ్ళు కూడా ఈ గదిలోనే చిక్కుకున్నారు." అతను గొంతు పెంచాడు. "అందరినీ ఒక మాట అడగాలి. కోపం తెచ్చుకోకండి, చేసే పనేం లేదు కదా. చీకట్లో పాట ఎటునుంచి వచ్చింది?"

అందరూ స్విచ్చి వైపే చూపించారు. డనవే కూడా.

"చివరిదాకా అక్కడినుంచేనా?"

"అక్కడినుంచే," అన్నాడు ప్రొఫెసర్. "ఒక్కసారి కూడా కదల్లేదు. ఒప్పుకోవాలి."

"అయితే ఆమె మనిషి ఎవరో చేసి ఉంటారు," అని డనవే కొరీన్ వైపు కళ్ళు తిప్పాడు. "మీరిద్దరూ ఆమె పిలిస్తే వచ్చినవాళ్ళు కాదూ?"

కొరీన్ చెంపలు మండాయి. "నేను కమ్మీ వదిలితే పడిపోతానని బిక్కచచ్చిపోయి ఉన్నానండీ!"

"మా పక్కనే ఉంది ఆ అమ్మాయి," అంది మిసెస్ షూమేకర్. "ఆమె గాజులు చప్పుడవుతూనే ఉన్నాయి."

"సరే, అరచేతులు చూపించండి," అన్నాడు మేబ్రీ.

లాంతరు ముందు చేతులు చాచారు. కమ్మీ తడికి తుప్పు పట్టింది. కొరీన్ చేతుల్లో, షూమేకర్ల చేతుల్లో, ప్రొఫెసర్ చేతుల్లో గోధుమరంగు చారలు అడ్డంగా పడ్డాయి. మేబ్రీ చేతులూ అంతే. డనవే చేతిలో తుప్పుమీద ఎర్రమట్టి. పెట్టస్ చేతితొడుగులు మల్లెపూలలా ఉన్నాయి.

"పాపం హేల్, నీ చేతికి మట్టంటుకుంది," అంది ఆవిడ జాలిగా.

"అందరూ చూస్తుండగానే అంటుకుంది!" అని డనవే అరిచాడు. అరిచిన వెంటనే తన మాట తనకే నమ్మకంగా వినపడలేదేమో, గోడకు దూరంగా జరిగాడు. కొరీన్ మేబ్రీ మోచేతిని పొడిచింది. అందరికంటే ముందు పరిగెత్తి చెయ్యి పెట్టింది ఇతనే కదా! అప్పటికే అంటుకున్న మట్టిని దాచుకోవడానికే అయుండాలి. మేబ్రీ తల ఆడించాడు గాని అది అవునో కాదో ఆమెకు అర్థం కాలేదు.

సమయం గడిచింది. ఎంతో ఎవరికీ తెలీదు; లోపల పొద్దు అనేది లేదు. చలి ఎముకల్లోకి దిగింది. ఒడెస్సా లాంతరు వెలుగు సగానికి తగ్గించింది. గోడవైపు వీపు పెట్టి కూర్చుంది, చూడలేక.

"గుహలో తినకూడదని నియమం," అంది చివరకు. "ఇవాళ్టికి దాన్ని వదిలేద్దాం. ఎవరి దగ్గరైనా ఏమైనా ఉంటే తినండి."

షూమేకర్ జేబులోంచి పిప్పరమెంట్లు తీశాడు. కొరీన్ మూన్ పైలు రెండూ తీసి ముక్కలు చేసి, మేబ్రీ టోపీలో పెట్టి తిప్పింది. చీకట్లో చాక్లెట్ వాసన వచ్చేసరికి, అంత బెంగలోనూ ఆమెకు నవ్వొచ్చింది. వెండెల్ ఇక్కడికి రాలేకపోయినా అతని బిస్కెట్టు వచ్చింది. డనవే మొహమాటపడుతూ కోటు లోపలినుంచి ఒక చిన్న విస్కీ సీసా తీశాడు. ప్రొఫెసర్ ఒక ఆపిల్‌ను కళ్ళజోడు తుడిచే గుడ్డతో తుడిచి ఎనిమిది ముక్కలు చేశాడు. పెట్టస్ తన వంతు ఆపిల్ ముక్క సుకుమారంగా కొరికి, "ఎంత మంచివారండీ," అంది.

మేబ్రీ తనకు వచ్చిన బిస్కెట్టు ముక్కను తినకుండా చేతిలోనే పెట్టుకుని ఆవిడను చూస్తున్నాడు. కాసేపటికి లేచాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు, పూర్వం రైల్లో ప్రయాణికుల ముందు నిలబడ్డట్టే.

"పెట్టస్ గారూ, నాకు ఒక చీజ్ పుల్ల ఇప్పిస్తారా?"

ఎక్కడో చుక్క రాలింది.

"అవి... అవి మెత్తబడిపోయుంటాయి థాడియస్," అంది ఆవిడ. డబ్బా ఒడిలో ఇంకాస్త లోపలికి జరిగింది.

"నాకు మెత్తవైనా పర్వాలేదమ్మా."

"ప్రొఫెసర్ గారి కోసం తెచ్చాను."

"నాకూ ఆకలిగానే ఉందండీ," అన్నాడు ప్రొఫెసర్ అమాయకంగా.

మేబ్రీ అందరివైపు తిరిగాడు. అతని మాటలో తొందర లేదు.

"నేను ఈ ఊళ్ళో పుట్టాను. రైల్లో పాతికేళ్ళు ఈ ఊరి అమ్మగార్లకు పక్కలు వేశాను. వాళ్ళు నన్ను కూర్చోమనలేదు. పేరు పెట్టి పిలిచారు, లేదా చప్పట్లు కొట్టి పిలిచారు. కాని డబ్బా మూత తెరిచినప్పుడు మాత్రం ఒక్కరంటే ఒక్కరు నాకు పెట్టకుండా తినలేదు. మన ఆడవాళ్ళు పగవాడి ఇంట్లో చావైనా సరే తిండి పళ్ళెం పట్టుకుని వెళ్తారు. అలాంటిది పొద్దున్న తన చేత్తో చేసిన పిండివంట ఒళ్ళో పెట్టుకుని, ఒహాయో నుంచి వచ్చిన అతిథి పిప్పరమెంటు చప్పరిస్తూ, ఆకలితో ఉన్న ఏడుగురి మధ్య మూత తీయకుండా లవీనియా పెట్టస్ కూర్చుందంటే, ఆ డబ్బాలో తినేది ఏదీ లేదు."

"ఇదేం మర్యాద!" అంది పెట్టస్.

"తర్వాత చేతులు. అందరం కమ్మీ పట్టుకున్నాం. అందరి అరచేతుల్లోనూ తుప్పుంది. ప్రొఫెసర్ గారూ, దీపాలారే ముందు పెట్టస్ గారు పట్టుకోవడం చూశారా?"

"చూశాను. రెండు చేతులతో పట్టుకున్నారు, నా పక్కనే."

"మరి ఆ తెల్లటి తొడుగుల మీద తుప్పేది? మట్టి లేదని మనం ఆవిడను వదిలేశాం. అసలు మరక ఏదీ లేకపోవడమే తప్పని ఎవరికీ తట్టలేదు. అవి ఆ కమ్మీని ఎన్నడూ పట్టుకోలేదు. పట్టుకున్న జత వేరే ఉంది. చీకట్లో ఆవిడ కమ్మీ కొస వెంట గోడ దాకా తడుముకుంది. అరుగుమీద మట్టి చేతికి తీసుకుని పులిమింది. ఆ తొడుగులు తిరగేసి ఊడదీసి డబ్బాలో వేసి, ముందే అందులో పెట్టుకున్న కొత్త జత వేసుకుంది. చప్పుడు పాటలో కలిసిపోయింది. ఒక్క మూత చప్పుడు తప్ప."

"టక్‌మని!" అంది కొరీన్ ఎగిరిపడి. "నేను విన్నాను! నీటిచుక్క అనుకున్నాను!"

డనవే నోరు తెరిచి పెట్టస్‌ను చూశాడు. "లవీనియా పిన్నీ?"

ఆవిడ డబ్బా రెండు చేతులతో అదిమిపట్టుకుంది. లాంతరు వెలుతురు ఆమె మొహాన్ని కిందినుంచి చూపిస్తోంది. ఎటు పోవడానికీ దారి లేదు. లిఫ్టు లేదు, కారు లేదు, వీడ్కోలు చెప్పి లేచిపోవడానికి హాలు గుమ్మం కూడా లేదు. కాసేపటికి ఆవిడే మూత తీసింది. ఎర్రటి ముద్దలా రెండు తొడుగులు ఉన్నాయి.

"మా నాన్న ఆ పుస్తకం కోసం కళ్ళు పోగొట్టుకున్నాడు," అంది. "ఊళ్ళో ప్రతి పిల్లా ఆ కథ వల్లిస్తుంది. ఆ కథ అబద్ధమైతే మా నాన్న ఏమవుతాడు? ఒడెస్సా పిల్లా, నీమీద నాకు కోపం లేదు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

ఒడెస్సా లేచి నిలబడింది. "ఫోన్లో కూడా అదే అన్నారు అమ్మగారూ."

పెట్టస్ తల దించుకుంది.

కాని ఒడెస్సా మొహంలో వెలుగు రాలేదు. "చేసింది ఎవరో తెలిసింది. సంతోషమే. పేరు మాత్రం పోయింది కదా మేబ్రీ గారూ! ప్రొఫెసర్ గారు ఏం చూసి రాస్తారు?"

"నేను కాగితాల మనిషిని, రాళ్ళ సంగతి నాకు తెలీదు," అన్నాడు ప్రొఫెసర్ బాధగా. "రుద్దితే పోయేది పాతదని నేను అనలేను."

"పోయిందని ఎవరన్నారు?" అన్నాడు మేబ్రీ. "మట్టి కనిపిస్తోంది, అంతే. చేసినావిడకు చీకట్లో ఏమీ కనిపించలేదు. మనకు మట్టి కింద ఏమీ కనిపించడం లేదు. అమ్మా, ఆ సీసాకి రాతి చర్మం రావడానికి ఎన్నేళ్ళు పట్టింది?"

"మా తాత రోజుల నుంచి..." అని ఆమె ఆగింది. వాలుగోడ మీద నిగనిగలాడుతూ జారుతున్న నీటిని చూసింది.

"ఆ గోడ మీద నీళ్ళు ఎన్నాళ్ళ నుంచి జారుతున్నాయి?"

ఆమె లాంతరు ఎత్తి గోడ దగ్గరికి నడిచింది.

"ఈ ఏడాది రాసిన పొగైతే నీళ్ళు పోస్తే మట్టితోపాటు పోతుంది. అప్పుడు డనవే గారన్నదే నిజమవుతుంది. 1858లో రాసిందైతే ఈఫ్రయిమ్ పేరుకి ఈపాటికి చర్మం వచ్చి ఉంటుంది. నేను ఊహించగలను గాని చూడలేదు. ఎవరూ ముట్టుకోలేదు కనక ఎవరికీ తెలీదు. పొయ్యాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఇందులో పోయేది ఏదైనా ఉంటే అది నీది, నాది కాదు."

ఒడెస్సా నడుముకు తగిలించుకున్న నీళ్ళసీసా మూత తీసింది. "తాతా, ఒట్టు తప్పుతున్నాను," అని తనలో తాను అనుకుంటూ గోడ మీద నీళ్ళు వంచింది.

ఎర్రటి నీళ్ళు ధారలుగా కారాయి. కొరీన్ మేబ్రీ చొక్కా చెయ్యి పట్టుకుంది. ముందు ఒక నల్లటి వంపు తేలింది. దాని పక్కన ఒక గీత. మట్టి జారేకొద్దీ ఒక్కొక్క అక్షరమూ అద్దం వెనకనుంచి చూస్తున్నట్టు, చెక్కుచెదరకుండా నిలబడింది. ఈఫ్రయిమ్. 1858.

ఒడెస్సా వేలు చాపింది. వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాపి మొదటి అక్షరం మీద పెట్టింది.

"నున్నగా ఉంది," అంది. "గాజులా ఉంది మేబ్రీ గారూ! పొగ లోపలెక్కడో ఉంది. నా వేలికి అందడం లేదు."

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసేసి గోడకు ముక్కు ఆనించినంత పని చేశాడు. తర్వాత తిరిగి ఒడెస్సాకు ఎదురుగా వచ్చాడు. "టార్ప్లీ గారూ," అన్నాడు, ఆ ‘గారూ’ మీద ఆగి. "మీ అనుమతి ఉంటే ఇప్పుడే రాసుకుంటాను. చేత్తో రుద్దినా పోలేదని ఎనిమిదిమంది సాక్షులున్నారు. పెట్టస్ గారు ఇంత కష్టపడకపోతే నేను ఒక్క చూపు చూసి, ‘చెప్పలేం’ అని వెళ్ళిపోయేవాణ్ణి. ఆయన ఇంటిపేరు ఏమిటి?"

"లేదండీ. ఇంటిపేరు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. ఆయనకున్నది ఇదే. ఉన్నదంతా రాసుకున్నాడు."

ప్రొఫెసర్ అది కూడా రాసుకున్నాడు. డనవే గొంతు సవరించుకున్నాడు.

"మరి... పైన ఆ కుక్క విగ్రహం ఏం చెయ్యాలి?"

"ఉండనివ్వండి," అన్నాడు మేబ్రీ. "కుక్క ఏ అబద్ధమూ ఆడలేదు."

మొదట నవ్వింది ఒడెస్సా. ఆ నవ్వు గదంతా తిరిగి వచ్చేలోపు దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. దూరాన లిఫ్టు మూలిగింది.

డనవే పంజరం తలుపు తీసి, పక్కకు తప్పుకుని, "నువ్వు... మీరు ముందు ఎక్కండి," అన్నాడు.

"గైడు ఆఖర్న ఎక్కాలండీ," అంది ఒడెస్సా. "లోపల ఎవరినీ వదలకుండా." పెట్టస్ గోడకు చేరగిలి ఇంకా కూర్చునే ఉంది. ఒడెస్సా వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టి లేపింది, ఆమె డబ్బా కూడా అందించింది. అందరూ ఎక్కాక దీపాలార్పి, చీకట్లోనే పాడుకుంటూ నడిచి వచ్చింది.

లిఫ్టు పైకి వెళ్తుండగా కొరీన్ గుసగుసలాడింది. "అక్షరాలు నీళ్ళతో కొట్టుకుపోయి ఉంటే?"

"నేను తప్పని తేలేది. శిక్ష మాత్రం ఒడెస్సాకు పడేది. అందుకే సీసా నేను పట్టుకోలేదు," అన్నాడు మేబ్రీ. ఇందాకటి బిస్కెట్టు ముక్క ఇప్పుడు నోట్లో వేసుకున్నాడు.

పైన వాన వెలిసింది. పొద్దువాలి ఆకాశం తడిసిన ఎర్రటి పీచ్ పండులా ఉంది. కంచు కుక్క వీపుమీదినుంచి ఆవిరి లేస్తోంది. దాని పక్కన తల నుంచి కాళ్ళదాకా తడిసి ముద్దయిన వెండెల్ నిలబడ్డాడు. లోపలికి పోనివ్వమని ఎంత పోట్లాడాడో గాని గొంతు బొంగురుపోయింది. చేతిలో ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం ఇంకా వేడిగానే ఉంది. కొరీన్ పరిగెత్తి అతని తడి చొక్కాలో మొహం దాచుకుంది.

ఆమె వీపు నిమురుతూనే వెండెల్ రెండో చేత్తో పొట్లం విప్పాడు. ముందు ఒడెస్సా ముందు చాపాడు, తర్వాత మేబ్రీ ముందు, షూమేకర్ల ముందు, ప్రొఫెసర్ ముందు, డనవే ముందు. వెనకగా ఒంటరిగా వస్తున్న పెట్టస్ ముందు కూడా, ఏం జరిగిందో ఏమీ తెలియక, "తీసుకోండమ్మా, వేడిగా ఉన్నాయి," అంటూ చాపాడు.

ఆవిడ తెల్లటి తొడుగు ఊడదీసి, ఉత్త చేత్తో ఒక్క కాయ తీసుకుంది.